నోవై నుంచి నైరోబీకి: మొదటిసారి వెళ్లేవాళ్లు ఎలా వెళ్లాలి?

మిషిగన్‌లోని నోవైలో మంచు ఇంకా కరగకముందే వేసవి సెలవుల ముచ్చట్లు మొదలవుతాయి. టాఫ్ట్ రోడ్డు మీది వెంకటేశ్వరస్వామి గుడిలో పులిహోర తింటూ ఒకరు అలాస్కా అంటారు, ఇంకొకరు ఎల్లోస్టోన్ అంటారు. ఎవరైనా కెన్యా అన్నారంటే వెంటనే వచ్చే ప్రశ్న ‘మసాయి మారాలో ఎన్ని రోజులు?’ అని. నైరోబీ ఊసెత్తేవాళ్లుండరు. రాత్రి దిగి, హోటల్లో పడుకుని, తెల్లారి జీపెక్కే ఊరని లెక్క. మొదటిసారి నేనూ అదే చేశాను. రెండోసారి ఆ ఊళ్లో మూడు రోజులున్నాక గానీ ఏం పోగొట్టుకున్నానో తెలియలేదు.

టికెట్ కంటే ముందు పాస్‌పోర్టు

భారతీయ పాస్‌పోర్టు, హెచ్-1బీ అయితే ముందు వీసా స్టాంపు తారీఖు చూసుకోండి. వంతెన దాటి విండ్సర్ వెళ్లొచ్చిన అలవాటుతో ‘ఐ-797 ఉందిగా, చాలు’ అనుకునేవాళ్లు మన మధ్య చాలామంది. స్టాంపు గడువు దాటినా తిరిగి రానిచ్చే ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్లొచ్చేవాళ్ల కోసం. ఆఫ్రికా వెళ్లి తిరిగి రావాలంటే చెల్లే స్టాంపు ఉండాల్సిందే. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తుంటే లాయరును అడక్కుండా కదలకండి.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా ఎత్తేసి, ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. చంటిపిల్లలతో సహా ఒక్కొక్కరికీ విడిగా తీసుకోవాలి. కెన్యా ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. వెతికితే పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు, అదే పనికి రెట్టింపు గుంజుతాయి.

సూది సంగతి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. మనలో చాలామంది నైరోబీ చూసుకుని అటునుంచటే ముంబయి మీదుగా హైదరాబాదో విజయవాడో వెళ్లి అమ్మానాన్నలను చూసి రావాలనుకుంటారు. ఆలోచన బంగారం లాంటిది. కాకపోతే ఇండియా దృష్టిలో కెన్యా ఎల్లో ఫీవర్ దేశం. అక్కణ్ణుంచి బయల్దేరి 6 రోజుల్లోపు దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో పెట్టేయొచ్చు. అమెరికా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను కెన్యా ఈ కాగితం అడగదు కాబట్టి డెట్రాయిట్‌లో విమానమెక్కేటప్పుడు దీని గురించి హెచ్చరించే నాథుడే ఉండడు.

టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. మామూలు డాక్టర్ల దగ్గర దొరకదు, అనుమతి ఉన్న ట్రావెల్ క్లినిక్‌కే వెళ్లాలి. నెలన్నర ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే నిశ్చింత. అత్తగారో మామగారో వెంట వస్తుంటే, 60 దాటినవాళ్లకు ఇది వేయాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. ఒకసారి వేయించుకుంటే ఆ పసుప్పచ్చ కార్డు జీవితాంతం పనికొస్తుంది. దాన్ని పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడిగేయండి. ఎత్తు మీదుంది కాబట్టి నైరోబీలో ఆ భయం తక్కువే గానీ మారాకో సముద్రతీరానికో వెళితే కావాలి.

పెట్టె సర్దడం

డెట్రాయిట్ నుంచి నేరుగా విమానం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో పారిస్‌లోనో మారాలి. ఆఫ్రికా అనగానే మండే ఎండ అనుకుంటాం గానీ, నైరోబీ భూమధ్యరేఖకు దగ్గరే అయినా సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన పిల్లల సెలవులొచ్చే జులైలో అక్కడ పొద్దున్నే వణికిస్తుంది. మిషిగన్ అక్టోబరులో వేసుకునే జాకెట్టు తీసుకెళ్లండి.

ఆవకాయ సీసాను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టేయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. క్యారీబ్యాగులను కెన్యా 2017లోనే నిషేధించింది, జరిమానా గట్టిగానే ఉంటుంది. గుడ్డసంచిలో చుట్టండి. జాతీయ పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా రానివ్వరు, స్టీలు సీసా దగ్గరుంచుకోండి.

దిగగానే ఎయిర్‌పోర్టులోనే సఫారీకామ్ సిమ్ తీసుకుని ఎం-పెసా పెట్టించుకోండి. మనకు ఫోన్‌పే ఎలాగో వాళ్లకది అలా. అదీ 2007 నుంచి ఉంది.

మొదటి రోజు: ఊరి అంచున సింహాలు

నైరోబీ నేషనల్ పార్కు నడిబొడ్డు నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1946లో పెట్టిన ఈ పార్కు 117 చదరపు కిలోమీటర్లు. తెల్లారి ఆరింటికల్లా గేటు దగ్గరుండండి, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. ఖడ్గమృగం గడ్డి మేస్తుంటే దాని వీపు వెనకాల ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి. అయితే ఇక్కడ ఏనుగులు తిరగవు.

వాటికోసం పార్కు అంచునే ఉన్న షెల్డ్రిక్ ట్రస్టుకు పదకొండింటికి చేరాలి. తల్లులు పోయిన గున్న ఏనుగులను అక్కడ పెంచుతారు. చూడనిచ్చేది ఒక్క గంటే, అదీ ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే. ఆకుపచ్చ కోటు వేసుకున్న సంరక్షకుడు పాలసీసా ఎత్తితే చాలు, ఎర్రమట్టి పూసుకున్న పిల్ల ఏనుగు చెవులు విప్పార్చుకుని పరుగెత్తుకొస్తుంది. సీసా ఖాళీ అయ్యాక కూడా వదలదు. కొన్ని సీసాను తొండంతో తామే పట్టుకుంటాయి. మా పాప ఆ గంటసేపు ఫోను అడగలేదు.

మధ్యాహ్నం జిరాఫీ సెంటర్. అరచేతిలో మేత పెట్టుకుని చాపితే మూరెడు పొడవున్న ఊదారంగు నాలుక వచ్చి చుట్టేస్తుంది. గరుకుగా, జిగటగా ఉంటుంది. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు అక్కడే ఉన్నాయి.

రెండో రోజు: మనవాళ్ల రైలు

1899లో రైలు పట్టాలు వేస్తూ మకాం పెట్టిన చోటే ఈ ఊరు పుట్టింది. మొంబాసా నుంచి ఆ పట్టాలు వేయడానికి ఇండియా నుంచి 30 వేలకు పైగా కూలీలను తెచ్చారు. దాదాపు రెండున్నర వేలమంది ఆ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. రైల్వే మ్యూజియంలో ఒక పాత పెట్టె ఉంది. 1900లో సింహాన్ని కాల్చాలని అందులో మాటు వేసిన పోలీసు అధికారి కునుకు తీస్తే, ఆ సింహమే లోపలికొచ్చి అతణ్ణి ఈడ్చుకుపోయింది. నేషనల్ మ్యూజియం తర్వాత చూసినా పరవాలేదు గానీ ఇది మానకండి.

శాకాహారులు బెంగపడక్కర్లేదు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి అచ్చం మన సంకటే, పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర. నంజుకోవడానికి కొంచెం ఆవకాయ వేసుకుంటే ఇంకేం కావాలి! పార్క్‌లాండ్స్‌లో గుజరాతీల వంటలు ఎటూ ఉన్నాయి. చపాతీని వాళ్లూ చపాతీ అనే అంటారు.

ఎవరితోనైనా స్వాహిలీలో టైము మాట్లాడుకుంటే జాగ్రత్త. మన పెద్దలు గడియలు లెక్కపెట్టినట్టే వాళ్లూ గంటలను పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు. ‘సా మోజా’ అంటే మాటకు ఒంటిగంట, అసలుకు ఉదయం ఏడు.

రాత్రిపూట

శుక్ర, శనివారాలు వెస్ట్‌లాండ్స్ నిద్రపోదు. గిటార్ తీగల మీద గలగలమనే బెంగా సంగీతం ఎక్కడ లైవ్‌గా వాయిస్తున్నారో హోటల్లో అడిగి వెళ్లండి, డీజే క్లబ్బులు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. దారిలో న్గాన్యాలు కనిపిస్తాయి. బొమ్మలు, దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలతో తిరిగే అలంకారాల మినీ బస్సులవి. బయట నిలబడి చూసి ఆనందించండి. మీరు మాత్రం యాప్‌లో పిలిచిన కారే ఎక్కండి. నాలుగడుగులే కదా అని చీకట్లో నడవొద్దు, గ్లాసు వదిలి పక్కకు పోవద్దు. ట్రాఫిక్‌లో అద్దం దించి న్గాన్యాను ఫొటో తీస్తున్న మా బావమరిది చేతిలోంచి ఫోను బైకు మీద వచ్చినవాడు ఎత్తుకుపోయాడు. ఫొటో మాత్రం క్లౌడ్‌లోకి ఎక్కింది, సగం బస్సు, సగం వాడి మోచెయ్యి.

మూడో రోజును ఖాళీగా ఉంచుకోండి. మసాయి మార్కెట్ రోజుకో చోట పెడతారు, ఆ రోజు ఎక్కడో కనుక్కుని వెళ్లి పూసల గొలుసులు బేరమాడండి. చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టండి, సుల్తాన్ బజార్ అనుభవం ఉన్నవాళ్లకు నేను నేర్పేదేముంది.