ఇక్కడి తాళం, అక్కడి లోగిలి

కోనసీమ నుంచి కొత్తగా విదేశం వెళ్ళినవాళ్ళు కాపలా కాయాల్సిన ఇళ్ళు రెండు. ఒకటి అద్దెకు దిగిన ఇల్లు. రెండోది అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేట దగ్గర ఏ లంకలోనో తాళం వేసి వచ్చిన ఇల్లు, కాదంటే పెద్దవాళ్ళిద్దరినీ వదిలి వచ్చిన ఇల్లు. మొదటి జీతం చేతికి రాగానే రెండింటికీ కెమెరాలు, అలారాలు కొనేద్దామనిపిస్తుంది. కొనండి, తప్పులేదు. ఎవరినీ పిలవకుండా సొంతంగా బిగించుకునే సామాను ఇప్పుడు చౌకగానే దొరుకుతోంది. కాకపోతే డబ్బా మీద ధర చూసి లెక్క కట్టకండి. నెలనెలా కట్టే చందా, ఆ సామాను పనిచేస్తూ ఉండేలా చూసుకోవడం, ఫోను మోగితే వెళ్ళి చూసే మనిషి, ఈ మూడింటికి పెట్టేదే అసలు ఖర్చు.

ముందు అమెరికా సంగతి. అక్కడ అపార్టుమెంటులో దిగినవాళ్ళకి పెద్ద సరంజామా అక్కర్లేదు. రింగ్ కంపెనీ 2018లో అలారం కిట్టుని 199 డాలర్లకి తెచ్చింది. సింప్లిసేఫ్ లాంటి కంపెనీల కిట్లూ మొదలయ్యేది ఇంచుమించు ఆ ధరలోనే. తలుపుకి, కిటికీకి అంటించే సెన్సార్లు, కదలికను పట్టే సెన్సారు ఒకటి, నంబర్లు నొక్కే ప్యాడ్ ఒకటి ఉంటాయి. గోడకి రంధ్రం పెట్టే పని లేదు, అన్నీ జిగురు పట్టీలతో అంటుకుంటాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడకుండా నిదానంగా ఊడదీసి, కొత్త ఇంటికి పట్టుకుపోవచ్చు. ఇక కెమెరా ఒక్కటే చాలనుకుంటే, వైజ్ అనే కంపెనీ 2017లో 20 డాలర్లకే అమ్మి మార్కెట్‌నే మార్చేసింది.

అలారం మోగినప్పుడు కంపెనీ మనిషి చూసి పోలీసులకి చెప్పాలంటే నెలకి 20 నుంచి 30 డాలర్ల దాకా కట్టాలి. 20 చొప్పునే వేసుకున్నా మూడేళ్ళకి 720 డాలర్లు. అంటే 200 డాలర్ల కిట్టు మూడేళ్ళలో 920 అయింది. మొదటి ఏడాది, ఒక గదీ హాలూ ఉన్న రెండో అంతస్తు ఫ్లాటుకి ఈ చందా అవసరం లేదని నా అభిప్రాయం. ఫోనుకి వచ్చే కబురు చాలు. కింది అంతస్తులో పెరటి వైపు జరిపే గాజు తలుపు ఉంటే మాత్రం దాని సంగతి ఈ రోజే చూడండి. ఆ తలుపు జరిగే గాడిలో సరిగ్గా పట్టేలా కోసిన కర్ర ముక్క పెడితే, గొళ్ళెం తప్పించినా తలుపు జరగదు. హార్డ్‌వేర్ షాపులో ఆ ముక్క కోసి ఇవ్వడానికి ఐదారు డాలర్లకి మించదు.

సొంత ఇల్లు కొన్నాక లెక్క మారుతుంది. చాలా ఊళ్ళలో ఇంటి అలారానికి పర్మిట్ తీసుకోవాలి. టెక్సస్ చట్టం ఇళ్ళకి ఆ పర్మిట్ ఫీజు ఏడాదికి 50 డాలర్లు దాటకూడదంటుంది, పన్నెండు నెలల్లో మూడు దొంగ మోతల దాకా జరిమానా వేయకూడదంటుంది. ఆ తర్వాత మోగిన ప్రతిసారీ డబ్బే. సాల్ట్ లేక్ సిటీలో 2000 నుంచి, నిజంగా ఏదో జరుగుతోందని ఎవరైనా చూసి చెబితే తప్ప ఉత్త అలారం మోతకి పోలీసులు రారు. కాబట్టి మీరున్న ఊరి నిబంధన కనుక్కున్నాకే కొనండి.

ఇంటి గుమ్మంలోకి వచ్చి, నవ్వుతూ మాట్లాడి, సామాను ఉచితం అంటూ మూడేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకునే కుర్రాళ్ళు ఎండాకాలంలో ఎక్కువగా తిరుగుతారు. మన మర్యాదకి కాదనడం కష్టం, కొత్తలో మరీ కష్టం. ఒకవేళ సంతకం పెట్టేసినా కంగారు పడకండి. ఇంటికి వచ్చి అమ్మిన 25 డాలర్లు పైబడిన వస్తువునైనా, సేవనైనా మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన కింద మీకుంది. రాతపూర్వకంగా పంపండి, కాపీ దాచుకోండి.

ఇప్పుడు బంగారం. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని మనకంటే ముందు దొంగలకి తెలుసు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ సహా పలు రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరుకుని, జాబితాలు రాసుకుని, ఇంట్లో మనుషులు ఉండగానే చొరబడి దోచుకున్న ముఠా ఒకటి ఉండేది. దాని నాయకురాలికి 2020లో మిషిగన్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ శిక్ష వేసింది. ఇలాంటి వాళ్ళని ఇరవై డాలర్ల కెమెరా ఆపలేదు. ఇంట్లో బంగారం లేకపోవడమే ఆపుతుంది. పైగా మామూలు ఇంటి ఇన్సూరెన్సులో నగలు దొంగతనం అయితే ఇచ్చేది సాధారణంగా 1,500 డాలర్లకి మించదు. నల్లపూసలు, రెండు జతల గాజులు, ఒక హారం ఉన్న ఇంట్లో అది ఏ మూలకి? నగలకి విడిగా విలువ కట్టించి పాలసీలో చేర్పించుకోండి, లేకపోతే బ్యాంకు లాకరులో పెట్టండి. లాకరులో పెట్టినదానికీ బ్యాంకు డిపాజిట్ల బీమా వర్తించదు, దానికీ విడిగా పాలసీ కావాలి. అసలైతే రోజూ పెట్టుకునేవి తప్ప మిగతావి తీసుకెళ్ళకపోవడం మేలు.

కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళే మన జిల్లా వాళ్ళ పరిస్థితి వేరు. ఒకరింట్లో పనికి కుదిరిన అక్కచెల్లెళ్ళకి, గదిలో ఒక మంచం అద్దెకు తీసుకున్న అన్నదమ్ములకి కెమెరాతో పనిలేదు. పైగా ప్రమాదం. కెమెరాల మీద కువైట్‌లో 2015లో చేసిన 61వ నంబరు చట్టం ఉంది. ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించేలా ఫోటో తీయడం ఎమిరేట్స్‌లో 2021 నాటి సైబర్ చట్టం కింద నేరం. యజమాని ఇంట్లోగానీ, పదిమంది పడుకునే గదిలోగానీ సొంతంగా కెమెరా పెట్టకండి. తాళం పడే చిన్న ఇనప పెట్టె, పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీల ఫోటోలు ఇంటి దగ్గర మరొకరి ఫోనులో, జీతం అందిన వారంలోనే బ్యాంకు ద్వారా ఇంటికి. ఇదే మీ భద్రత.

ఇక మన ఊరి ఇల్లు. నాకు ఎక్కువ బెంగ దీని గురించే.

అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం అర్ధరాత్రి కాలి బూడిదైంది. జిల్లా అంతా కదిలిపోయింది. ఎలా జరిగిందో చూద్దామంటే అక్కడి సీసీ కెమెరాలు పనిచేయడం లేదని తేలింది. కెమెరాలు లేక కాదు, ఉండీ పనిచేయక. మరుసటి ఏడాది కొత్త రథం వచ్చింది గానీ, ఆ రాత్రి ఏం జరిగిందో చూపించే వీడియో రాదు కదా. అంత పెద్ద క్షేత్రంలోనే అలా అయితే, ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి చూసుకునే మన ఇంటి కెమెరా ఏ గతిన ఉంటుందో ఆలోచించండి. సముద్రం దగ్గరున్న సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం వైపు ఉప్పుగాలికి వైరు అతుకులు ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుం పడతాయి. ప్రతి అతుకుకీ మొదట వ్యాజలైన్ రాయించి, పైన రబ్బరు టేపు చుట్టించి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించండి. మూరెడు టేపుతో పోయే పనికి కెమెరానే పారేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

రాత్రిపూట కెమెరా చుట్టూ వెలిగే ఎర్రటి చిన్న దీపాలకి పురుగులు చేరతాయి, వాటికోసం బల్లి వస్తుంది, సాలీడు అద్దానికి అడ్డంగా గూడు కడుతుంది. గాలికి ఆ దారం ఊగిన ప్రతిసారీ విదేశంలో మీ ఫోను మోగుతుంది. కొబ్బరి మట్ట ఊగినా అంతే. వారం రోజులు ఇలా మోగాక ఎవరైనా ఆ మోత ఆపేస్తారు, నిజంగా మనిషి గోడ దూకిన రోజున కూడా అది మోగదు. అందుకని యాప్‌లో గేటు, వీధి గుమ్మం, పెరటి తలుపు వరకే గీత గీసి, తోట వైపు కదలికలు వదిలేయండి. పదిహేను రోజులకోసారి ఈనెల చీపురుతో ఆ గూడు దులిపే మనిషిని పెట్టండి. కొబ్బరి దింపు రోజు తోటలోకి పదిమంది వస్తారు, ఆ తేదీ ముందే మీకు చెప్పమనండి.

కెమెరా చూసినదంతా ఎక్కడ దాచుకుంటుందన్నది మరో ముఖ్యమైన విషయం. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు చెలరేగి, మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ వెంటనే ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి రాలేదు. తల్లిదండ్రులు ఎలా ఉన్నారో అని బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు అల్లాడిపోయారు. నెట్ మీదే ఆధారపడ్డ కెమెరా అలాంటి రోజున గుడ్డిదైపోతుంది. కాబట్టి మెమరీ కార్డు మీద తనంతట తాను రికార్డు చేసుకునే కెమెరానే కొనండి. నాలుగు కెమెరాలకి ఒకే రికార్డరు పెట్టించుకుంటే దాన్ని టీవీ పక్కన పెట్టకండి, దొంగ ముందు పట్టుకుపోయేది దాన్నే. లంకల్లో అయితే 1986 వరదనీ 2022 వరదనీ గుర్తుపెట్టుకుని, నీరు అందని ఎత్తున, అటక మీద గాలి ఆడే చోట పెట్టించండి.

ఖర్చు చూద్దాం. ఇవి రూపాయల్లో సుమారు ధరలు, షాపుని బట్టి కొంత అటూ ఇటూ. బయట పెట్టే వైఫై కెమెరాలు రెండు 6,000. ఆగకుండా రికార్డు చేయడానికి తగిన మెమరీ కార్డులు రెండు 2,000. కరెంటు పోయినా రౌటర్ని మూడు నాలుగు గంటలు నడిపే చిన్న యూపీఎస్ 1,500. తలుపు తీస్తే కూత పెట్టే సైరన్ 1,500. ఊరి ఎలక్ట్రీషియన్‌కి, వైరుకి, ఎర్తింగ్‌కి 2,000. మొత్తం 13,000. నెలకి 500 చొప్పున నెట్ బిల్లు మూడేళ్ళకి 18,000. అంటే సామాను కంటే నెట్టే ఎక్కువ. ఫైబర్ కనెక్షన్ అయితే పిడుగు పడినప్పుడు ఆ తీగ వెంట కరెంటు వచ్చే భయం తక్కువ, రాగి తీగతో ఆ భయం ఎక్కువ, కొబ్బరి చెట్ల మధ్య ఉన్న ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఫైబర్ రాని చోట సిమ్ వేసే కెమెరా, దానికి సోలార్ పలక ఉన్నది కొనొచ్చు. కెమెరా ధర పెరుగుతుంది, కరెంటు బాధ తగ్గుతుంది. మీరు ఊళ్ళో లేనప్పుడు సిమ్ రీచార్జి అయిపోతే కెమెరా ఆగిపోతుంది, ఆ తేదీ ఫోనులో పెట్టుకోండి.

కెమెరా కొనేటప్పుడు భారత ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ పరీక్ష పాసైనదా అని అడగండి, 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకి అది తప్పనిసరి. కొన్నాక కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి, రెండంచెల లాగిన్ పెట్టండి. పెద్ద కంపెనీలని కూడా గుడ్డిగా నమ్మే రోజులు కావు. ఉద్యోగులు కస్టమర్ల ఇళ్ళ వీడియోలు చూశారన్న ఆరోపణ మీద 2023లో రింగ్ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో సుమారు 13,000 మందికి వేరేవాళ్ళ ఇళ్ళ చిత్రాలు కనిపించాయని వైజ్ కంపెనీయే చెప్పింది. పడకగదిలో, స్నానాలగది వైపు, అమ్మ కూర్చుని పూజ చేసుకునే చోట కెమెరా పెట్టకండి. అమ్మానాన్నలకి చెప్పకుండా ఎక్కడా పెట్టకండి. వాళ్ళ ఇంట్లో వాళ్ళని దొంగచాటుగా చూడటం భద్రత అనిపించుకోదు.

ఆంధ్రప్రదేశ్ పోలీసులకి ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు ఉంది. యాప్‌లో అడిగితే పోలీసులే వచ్చి కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. అది కొద్ది రోజులు ఊరెళ్ళేవాళ్ళ కోసం, ఏళ్ళ తరబడి మూసి ఉన్న ఇంటికి కాదు. మీ స్టేషన్ పరిధిలో నడుస్తోందేమో బయల్దేరేముందు అడిగి, ఇంటి చిరునామా, తాళంచెవి ఉన్నవాళ్ళ ఫోను నంబరు అక్కడ రాయించి రండి. దొంగతనం జరిగిందనుకోండి, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం కింద ఫిర్యాదు ఆన్‌లైన్లో పంపొచ్చు గానీ, పంపినవాళ్ళు మూడు రోజుల్లో స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. మీరు డల్లాస్‌లోనో దోహాలోనో ఉంటే అది కుదిరే పని కాదు. అందుకని ఫిర్యాదు ఊళ్ళో ఉన్న దగ్గరి బంధువు చేతే ఇప్పించండి. కెమెరాలోని అసలు మెమరీ కార్డు తీసి భద్రపరచమనండి, వాట్సాప్‌లో పంపిన వీడియో కోర్టు దాకా నిలవడం కష్టం.

ఇంతకీ ఫోను మోగితే గేటు దగ్గరికి వెళ్ళేదెవరు? అమెరికాలో మధ్యాహ్నం అయినప్పుడు అమలాపురంలో అర్ధరాత్రి. మీరు చూడగలరు గానీ వెళ్ళలేరు. నా మాట వింటే, మరో కెమెరాకి పెట్టే డబ్బు తోట చూసే మనిషికి నెలనెలా ఇవ్వండి. 1,500 అనుకున్నా మూడేళ్ళకి 54,000, సామానుకీ నెట్‌కీ కలిపి పెట్టిన 31,000 కంటే ఎక్కువే. అయినా అదే సరైన ఖర్చు. బంధుత్వం ఉంది కదా అని పక్కింటి బాబాయిగారికి ఊరికే అప్పగించకండి. డబ్బు పుచ్చుకోకపోతే పండక్కి బట్టలు పెట్టండి, తోటలో ఒక దింపు కాయ ఆయన్ని తీసుకోమనండి. పని అన్నాక దానికి విలువ కట్టాలి. ఇల్లు ఖాళీగా ఉందని ఊరంతటికీ తెలిసేలా ఎయిర్‌పోర్టు ఫోటోలు ఆ రోజే పెట్టకండి, ఓ నెల ఆగి పెట్టుకోవచ్చు.

ఇంకా బయల్దేరనివాళ్ళకి ఒక మాట. టికెట్ తీసుకున్న రోజునే ఊళ్ళో ఇద్దరు మనుషుల్ని అనుకోండి, ఒకరు పగటికి, ఒకరు రాత్రికి. వాళ్ళని ఇంటికి పిలిచి, మెయిన్ స్విచ్, మోటారు, గేటు తాళం, కెమెరా ప్లగ్గు చూపించండి. ఇప్పటికే వచ్చేసినవాళ్ళు ఈ ఆదివారం ఫోను చేసి ఆ ఇద్దర్నీ కుదుర్చుకోండి. కెమెరాలు ఆ తర్వాత కొందురుగాని.