ధింసా మధ్యలో లైట్లు ఎందుకు ఆరిపోయాయి?

వార్షికోత్సవం రోజున ధింసా మంచి ఊపు మీద ఉండగా ఎడమ పక్క రెండు ఫోకస్ లైట్లు ఆరిపోయిన సంగతి మీకు గుర్తుంది కదా. "కరెంటు పోయింది" అని కొందరు, "బల్బులు మాడాయి" అని కొందరు అన్నారు. రెండూ కాదు. ప్లగ్గులో వైరు కాలింది. ఆ ప్లగ్గు దసరా సెలవుల ముందు బిగించింది నేనే. అందుకే ఈ పాఠం నేనే రాస్తున్నాను.

ఆ వైరు తాటాకు పందిరి గుంజకు కట్టి ఉంది. కింద మూడో తరగతి పిల్లలు కూర్చున్నారు. కాలిన వాసన రాగానే వార్డెన్ సారు మెయిన్ ఆపించారు కాబట్టి సరిపోయింది.

నేను చేసినదేమిటంటే, వైరు చివర సన్న పోగులు విడిపోతున్నాయని వాటికి టంకం పట్టించి, పుల్లలాగా గట్టిగా చేసి, ప్లగ్గు పిన్నులో దూర్చి స్క్రూ బిగించాను. చూడడానికి చాలా నీటుగా ఉంది. అదే తప్పు!

టంకం అనగా తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉండే రకం 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరగడం మొదలవుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అయినా కరగడం తర్వాతి మాట. టంకం మెత్తటి లోహం. మైనం ముద్ద మీద రాయి పెడితే మెల్లగా దిగినట్లు, స్క్రూ ఒత్తిడికి టంకం నెలల తరబడి కొంచెం కొంచెం పక్కకు జరుగుతుంది. స్క్రూ బిగించినట్టే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. పట్టు తగ్గితే నిరోధం పెరుగుతుంది.

ఇక లెక్క చూడండి. 1000 వాట్ల హేలోజన్లు రెండు, 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటాయి. జౌల్ నియమం ప్రకారం వేడి విద్యుత్ ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అతుకు దగ్గర అర ఓము నిరోధం ఉన్నా 8.7 × 8.7 × 0.5, అంటే సుమారు 38 వాట్లు. మనం టంకం పెట్టే ఐరనే 25 వాట్లది! ప్లగ్గు లోపల అంతకన్నా పెద్ద ఐరన్ పెట్టి మూత బిగించినట్లే కదా.

మరి ఏం చేయాలి? క్రింపింగ్. పోగులను లగ్గు అనే చిన్న రాగి గొట్టంలో పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కడం. సరిగ్గా నొక్కితే పోగుల మధ్య గాలి కూడా దూరదు, లోహం లోహాన్ని పట్టేస్తుంది. మెత్తటి టంకం మధ్యలో ఉండదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు నీలం రంగు లగ్గు సరిపోతుంది. కటింగ్ ప్లేయరుతో నొక్కి "అయిపోయింది" అనకండి. అలాంటి క్రింపు కన్నా మంచి టంకమే నయం. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడొస్తే లగ్గు పారేసి మళ్లీ కొత్తది వేయాలి. క్రింపు చేసిన దాని మీద టంకం పోయడం కూడా వద్దు.

టంకానికి ఇంకో గుణం ఉంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్లు పోగుల్లోకి పాకుతుంది. పాకినంత మేర వైరు వంగదు. పాకుడు ఆగిన చోట మాత్రం చుట్టినప్పుడల్లా వంగి వంగి పోగులు తెగుతాయి. స్టేజీ వైరును మనం ఎన్నిసార్లు చుడతాం, ఎన్నిసార్లు తొక్కుతాం!

అలాగని టంకం పనికిరానిది కాదు. మైకు వైరు పిన్నులకు టంకమే పెడతారు. అక్కడ కరెంటు చాలా తక్కువ, లాగుడు పడకుండా క్లిప్పు ఉంటుంది. ఎల్.ఇ.డి. లైట్లకూ కరెంటు తక్కువే, నిజమే. కాని మన స్టోరు రూములో ఉన్నవి హేలోజన్లే.

ఆదివారం ఆ రూములోని ప్లగ్గులన్నీ విప్పి చూస్తామని వార్డెన్ సారుకు చెప్పాను. ఎలక్ట్రీషియన్ అన్న ఉంటేనే, వైర్లు సాకెట్టు నుంచి పీకాకే చేయమన్నారు. టంకం కొనలు కత్తిరించే పనికి ఇద్దరు కావాలి. తొమ్మిదో తరగతి వాళ్లు పేర్లు ఇవ్వండి.