ఉపన్యాసం విన్నాక మన పని



ఏప్రిల్ వచ్చిందంటే మన హాస్టళ్లలో సభల నెల. 5న బాబూ జగ్జీవన్‌రామ్, 11న మహాత్మా జ్యోతిబా ఫూలే, 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ జయంతులు. కవులు, రచయితలు, లాయర్లు, సంఘాల పెద్దలు వచ్చి కుల వివక్ష గురించి, చదువు గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడతారు. మనం జంబుఖానాల మీద కూర్చుని వింటాం. చప్పట్లు కొడతాం. మర్నాడు ఎవరైనా "నిన్న ఏం చెప్పారు?" అని అడిగితే "బాగా మాట్లాడారు" అంటాం. అంతకుమించి చెప్పలేకపోతే ఆ ఉపన్యాసం వల్ల మనకు ఒరిగిందేమిటి?

"ఉపన్యాసాలతో లోకం మారుతుందా?" అనే మిత్రులూ మనలో ఉన్నారు. మారిన సందర్భాలున్నాయి. అయితే ఆ మార్పు తెచ్చింది వక్త ఒక్కడే కాదు, విన్నవాళ్లు కూడా. దీనికి మూడు ఉదాహరణలు చూద్దాం.

పేరు మార్చుకున్న సభ

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశంలోని అంటరాని కులాలవారి మహాసభ జరిగింది. దాన్ని పంచమ మహాజన సభ పేరుతో ఏర్పాటు చేశారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ గారు వచ్చి అధ్యక్షత వహించారు. 1888లో పుట్టిన వర్మ గారు 1906లోనే జగన్మిత్ర మండలి స్థాపించారు. చదువు రానివాళ్లకు పుస్తకాలు ఇచ్చి లాభం లేదని గ్రహించి, హరికథల ద్వారా తన జనానికి లోకజ్ఞానం చెప్పించిన మనిషి ఆయన.

బెజవాడ సభలో ఆయన ముందు ఆ సభ పేరునే ప్రశ్నించారు. 'పంచములు' అనే మాటకు పురాణాల్లో ఆధారం లేదనీ, మనం ఈ నేలకు ఆదివాసులమనీ వాదించారు. విన్నవాళ్లు చప్పట్లతో సరిపెట్టుకోలేదు. ఆ సభ పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకున్నారు. ఆ తర్వాత కూడా అదే పేరుతో సభలు నడిపారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును గుర్తించింది. ఇవాళ్టికీ షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'ఆది ఆంధ్ర' ఉంది. మనలో కొందరి కుల ధ్రువీకరణ పత్రం మీద కనిపించే ఆ మాట వెనుక ఒక సభ, ఒక ఉపన్యాసం ఉన్నాయి.

నవ్వులపాలైన తెలుగు

రెండోది 1921 నవంబరులో హైదరాబాదులో జరిగింది. వివేకవర్ధినీ థియేటరులో సంఘ సంస్కార సభ. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషులోనూ, మరాఠీలోనూ మాట్లాడినవారిని అందరూ శ్రద్ధగా విన్నారు. అల్లంపల్లి వెంకట రామారావు అనే లాయరు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. సంఘాన్ని సంస్కరించడానికి కూడిన సభే ఒక మనిషి భాషను చూసి నవ్వింది!

ఆ సభలోని తెలుగువాళ్లు కొందరు అవమానాన్ని దిగమింగి ఊరుకోలేదు. వెంటనే కూడి ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పత్రికల కోసం పనిచేశారు. ఆ సంఘమే పెరిగి పెద్దదై 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం ఆంధ్ర మహాసభ జరిపింది.

పల్లె బడి నుంచి వచ్చిన మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మైకు చేతికిస్తే మన యాసను చూసి నవ్వుతారని వెనక్కి తగ్గేవాళ్లం చాలామందిమి. నవ్వితే తప్పు మనది కాదు, నవ్వినవారిది.

జరగని ఉపన్యాసం

మూడోది అసలు జరగని ఉపన్యాసం. లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ వారు 1936లో తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ను పిలిచారు. ఆయన రాసిన ప్రసంగాన్ని ముందుగా చూసి కంగారుపడ్డారు. కులం పోవాలంటే దానికి అండగా నిలిచిన శాస్త్రాల అధికారాన్నే ప్రశ్నించాలని ఆయన అందులో వాదించారు. కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. చివరికి సభే రద్దయింది.

అక్కడితో ఆ మాట ఆగిపోయి ఉండాలి. కానీ బాబాసాహెబ్ ఆ ప్రసంగాన్ని తన సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీజీ తన పత్రికలో దానిపై విమర్శ రాశారు. ఆ విమర్శనూ, దానికి తన జవాబునూ కలిపి బాబాసాహెబ్ 1937లో రెండో ముద్రణ తెచ్చారు. మనం తెలుగులో 'కుల నిర్మూలన' పేరుతో చదువుతున్న పుస్తకం అదే. వేదిక ఇవ్వకపోయినా పాఠకులు ఆ మాటను బతికించారు.

ఇక మనం చేయవలసింది

సభకు వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, పెన్ను తీసుకెళ్దాం. వక్త చెప్పినదంతా రాయనక్కర్లేదు. ఆయన ముఖ్యంగా చెప్పిన మాట ఒకటి, దానికి ఇచ్చిన ఆధారం ఒకటి, మనకు వచ్చిన అనుమానం ఒకటి రాసుకుంటే చాలు. సంవత్సరాలు, లెక్కలు చెబితే మర్నాడు లైబ్రరీలో సరిచూద్దాం. ఎంత పెద్దవారైనా పొరపాటు చెప్పవచ్చు.

మన సభల్లో దండలకు, శాలువాలకు, ఆహ్వానాలకు బోలెడు సమయం ఉంటుంది. ప్రశ్నలకు వచ్చేసరికి వందన సమర్పణ మొదలవుతుంది. ప్రశ్నలకు పావుగంట కేటాయించమని నిర్వాహకులను ముందే అడుగుదాం. ప్రశ్న వేయడం వక్తను అవమానించడం కాదు, ఆయన మాటను మనసుపెట్టి విన్నామని చెప్పడం. ముందు చిన్న తరగతుల పిల్లలకు అవకాశం ఇద్దాం. పెద్దవాళ్లు అడిగేశాక వాళ్లు నోరు తెరవరు.

సభ అయిన రాత్రి భోజనాల తర్వాత ఓ అరగంట గదిలో కూర్చుని విన్నదాన్ని చర్చిద్దాం. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోవడంలేదో చెప్పాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. ఆయన ఫోటోకు దండ వేసే మనం ఆ హెచ్చరికను మన సభల్లోనూ పాటించాలి. ఎంత ఇష్టమైన వక్త మాటనైనా తూచి తీసుకోవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీ ఉద్యోగ విజయాలతోపాటు మీ ఆఫీసుల్లో, మీరు అద్దె ఇల్లు వెతుక్కున్న వీధుల్లో కులం ఎలా ఎదురైందో, మీరెలా నిలబడ్డారో కూడా చెప్పండి. రేపు మాకూ అదే ఎదురవుతుంది. ఆ పాఠం మా సిలబస్‌లో లేదు.

వచ్చే జయంతి సభలో అతిథుల మధ్య మన హాస్టల్ విద్యార్థి ఒకరికి పది నిమిషాలు ఇవ్వాలని కోరదాం. ఆ ఒక్కరూ ఎవరో ఇప్పుడే నిర్ణయించుకుని, ఇవాళ్టి నుంచే తయారు చేద్దాం.