ప్లకార్డు పట్టుకొనుటకు ముందు

వేదాద్రి రేవులో మునిగి, యోగానంద నరసింహునకు మ్రొక్కి విమానమెక్కు జగ్గయ్యపేట, నందిగామల బిడ్డలకు ధర్నా క్రొత్త విద్య గాదు. హైవేపై రాస్తారోకో, పోలీసు వ్యాను, ఠాణా ఆవరణలో మధ్యాహ్నము, పొద్దుగ్రుంకులోపల స్వంత పూచీపై విడుదల: ఇది మనకు అలవాటైన క్రమము, అరెస్టయినవాడు మరునాడు టీకొట్టు వద్ద ఆ సంగతి గర్వముగనే చెప్పికొనును. అమెరికాలో అట్లు గాదు. కేసు కొట్టివేయబడినను అరెస్టు కాగితములలో నిలిచిపోవచ్చును. ఎన్నడైనను అరెస్టయితివా యని వీసా దరఖాస్తు అడుగును. అప్పుడు అబద్ధమాడితిమా, మొదటి చిక్కుకంటె రెండవది పెద్దది.

అట్లని తలుపు వేసికొని కూర్చుండుడని నేను చెప్పను. 2023 జనవరి 23న సియాటిల్ నగరమున వీధి దాటుచున్న ఆదోని విద్యార్థిని కందుల జాహ్నవిని, గంటకు 25 మైళ్ళు మించరాని త్రోవలో 60 మైళ్ళకు పైబడిన వేగమున వచ్చిన పోలీసు కారు బలిగొనెను. ఆ పిల్ల ప్రాణమునకు వెలకట్టి నవ్విన మరియొక పోలీసు అధికారి మాటలు, ఆయన ఒంటిమీది కెమెరాలోనే నమోదైనవి, సెప్టెంబరులో బయటపడగా నగరవాసులు వీధికెక్కిరి. మన బిడ్డకొరకు పరాయివారు నిలిచినప్పుడు మనము నిలువకుండుట ఎట్లు?

ఆ దేశపు రాజ్యాంగము మొదటి సవరణ, శాంతియుతముగ గుమిగూడు హక్కును పౌరులకే గాక పరదేశీయులకును కాపాడును. రాకపోకల నడ్డగింపక కాలిబాటపై నడచుటకు సాధారణముగ అనుమతిపత్రము అక్కరలేదు. కాని హక్కు వేరు, వీసా వేరు: 2025లో పాలస్తీనా పక్షమున నిరసన తెలిపిన విదేశీ విద్యార్థులు కొందరి వీసాలు రద్దయినవి. ఈ రెంటిని ఎరిగియే అడుగు పెట్టవలెను.

చెదరిపొండని పోలీసులు ప్రకటించినంతనే వాదన విడిచి, చూపిన దారిన కదలుడు. మిమ్ము ఆపినచో, నేను వెళ్ళవచ్చునా యని మెల్లగ అడుగుడు. కాదన్నచో, మౌనముగ నుందును, వకీలు కావలెను అని చెప్పి ఊరకుండుడు. పోలీసు ఎదుట అంతయు వివరించి ఒప్పింపవలెనను ఆత్రము మనవారికి మెండు. ఆ ఆత్రమే కొంప ముంచును. పేరు తప్పు చెప్పరాదు, దొంగ కాగితము చూపరాదు. 18 ఏండ్లు నిండిన పరదేశి ఐ-94 గాని గ్రీన్ కార్డు గాని వెంట నుంచుకొనవలెననుట అక్కడి చట్టము. అరెస్టయినవాని ఫోను వెదకుటకు వారంటు కావలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. అయినను వ్రేలిముద్ర తాళము తీసివేసి అంకెల తాళము వేసికొనుడు.

ఇంకొక చిన్న పని. బయలుదేరుటకు ముందు, చెమటకు చెరగని సిరాతో, ముంజేతి లోపలివైపున వకీలు నంబరు వ్రాసికొనుడు. ఫోను చేజారిన పిమ్మట మనకు జ్ఞాపకముండునది అమ్మ నంబరొక్కటే. అది వేదాద్రిలో మ్రోగును గాని అక్కడి ఠాణాకు వకీలును తేజాలదు.

ఇదంతయు అమెరికా మాట. సింగపూరులో నిరసనకు విడిచిన హాంగ్ లిమ్ పార్కులో సైతము, పౌరులును శాశ్వత నివాసులును గాక అన్యులు అనుమతి లేక పాల్గొనరాదు. కువైటులో 2022 జూన్ నెలలో, ఫహాహీల్ వద్ద ఊరేగిన ప్రవాసులను దేశమునుండి పంపివేయుదుమని ప్రభుత్వము ప్రకటించెను. అచ్చట మనవారికి రాయబార కార్యాలయమునకిచ్చు వ్రాతపూర్వకమైన అర్జీయే మార్గము.

సియాటిల్‌లో వేసవి సాయంకాలము ఆరు గంటలగునప్పటికి ఇక్కడ మరునాటి ఉదయము ఆరున్నర. రేవులో స్నానములు మొదలై, అమ్మ మేల్కొనియుండును. గది చేరినంతనే ఫోను చేయుడు.