తలుపుకు పాలిష్ పెట్టే ముందు

అల్లూరు చుట్టుపక్కల వరి కోతలు అయి ధాన్యం డబ్బు చేతికి వచ్చిన రోజులకూ, వేసవి పెళ్లిళ్లకూ మధ్య కొంచెం ఎడం దొరుకుతుంది. ఇళ్లకు సున్నాలు, గోడలకు రంగులు, తలుపులకు పాలిష్ చాలావరకు ఆ ఎడంలోనే జరుగుతాయి. అదే రోజుల్లో దగ్గు, కళ్ల మంట, చేతుల మీద దద్దుర్లు అంటూ వచ్చేవారూ ఎక్కువే. "ఇంట్లో ఏమైనా పని జరుగుతోందా?" అని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కాబట్టి ఈసారి పాఠం గది తలుపు గురించి. తలుపు బాగా రావాలి, ఇంట్లోవాళ్లూ పనివాళ్లూ బాగుండాలి.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పెయింటు చెక్క మీద పొరగా కూర్చుంటుంది, కింద ఉన్న లోపాన్ని కప్పేస్తుంది. స్టెయిన్ అలా కాదు. అది చెక్కలోకి ఇంకి, నార గీతలను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. చేతి జిడ్డు, ఫెవికాల్ మరక, అడ్డంగా పడిన గీత ఏదైనా దాచదు, పైగా పదింతలు చేసి చూపుతుంది. అందుకే రంగు వేసే పని ఒక పూటైతే, తలుపును సిద్ధం చేసే పని రెండు రోజులు. జబ్బులు తెచ్చేది కూడా ఎక్కువగా ఈ రెండు రోజులే.

కాలం కూడా చూసుకోండి. మనకు సముద్రం దగ్గర. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమకు చెక్క ఉబ్బి ఉంటుంది, స్టెయిన్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఫిబ్రవరి నుండి మే వరకు ఎండిన రోజులు చూసి పెట్టుకోవడం మంచిది.

మీ తలుపు కొత్తదా, పాతదా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఉప్పు కాగితం చేత పట్టవద్దు.

కొత్త టేకు తలుపు అయితే సరే. కానీ చాలామంది నాన్నగారి కాలం నాటి పచ్చ రంగు తలుపును గీకించి, లోపలి టేకును బయటికి తేవాలని ముచ్చటపడతారు. ముచ్చట తప్పు కాదు, ఆ పచ్చ రంగులో ఏముందన్నదే భయం. పాత ఎనామిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, పచ్చ రంగుల్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదని 2016లో కేంద్రం నియమాలు తెచ్చింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగు ఏదైనా సీసం ఉన్నట్టే అనుకుని పని చేయాలి. కంటితో చూసి, వాసన పట్టి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

గీకినప్పుడు ఆ సీసం దుమ్మై నేల మీద పడుతుంది. అక్కడే పాకే బిడ్డ చేయి నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవారి శరీరం గ్రహించే దానికన్నా చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని గ్రహిస్తుంది. రక్తం తగ్గడం, కడుపునొప్పి, మలబద్ధకం కనిపించేవి. కనిపించనిది చదువు మందగించడం. గర్భిణి రక్తంలోని సీసం కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. ఇంత వరకు ప్రమాదం లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మా సలహా: పాత పెయింటు గట్టిగా అంటుకుని ఉంటే దాని జోలికి పోవద్దు. పైన కొత్త పెయింటు వేసుకోండి, స్టెయిన్ ఆశ కొత్త తలుపుకు దాచుకోండి. తీయక తప్పకపోతే తలుపును ఊడదీసి బయటికి తెచ్చి, కింద పాలిథిన్ పట్టా పరచి, నీళ్లు చిలకరిస్తూ తడిగా ఉన్నప్పుడే గీకించండి. బ్లో ల్యాంపుతో కాల్చనివ్వవద్దు, ఆ పొగలో కూడా సీసం ఉంటుంది. పొట్టును పెరట్లో పారబోస్తే కోళ్లు పొడుస్తాయి, గుడ్లలోకి వస్తుంది. పట్టాతో సహా మూటకట్టి విడిగా పారేయండి. పని అయ్యేదాకా గర్భిణులు, పిల్లలు ఆ వైపు రాకూడదు.

నునుపు చేయడం

తలుపును బందుల నుండి ఊడదీసి, గొళ్లెం, పిడి, తాళం విప్పి ఒక డబ్బాలో వేసుకోండి. తలుపును బల్ల మీద పడుకోబెట్టి చేస్తే రంగు కారదు, మేస్త్రి నడుమూ బాగుంటుంది. పిడి చుట్టూ చేతుల జిడ్డు, కింది భాగంలో పండుగలకు పూసిన పసుపు కుంకుమ మరకలు ఉంటాయి. వాటిని ముందే తుడిచి తీయాలి. ఉప్పు కాగితంతో రుద్దితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది.

కాగితం వెనుక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కాగితం సన్నం. గరుకు చెక్కకు 80, తర్వాత 120, చివర 180. అక్కడితో ఆపవచ్చు. మరీ అద్దంలా చేస్తే రంగు ఇంకదు. ఎప్పుడూ నార వెంటే రుద్దాలి. ఫ్లష్ డోరు అయితే పైన ఉన్న టేకు రేకు కాగితంలా పలుచన, దానికి మిషను పెట్టకుండా 180 కాగితంతో చేత్తో రెండుసార్లు చాలు. అయ్యాక తడి గుడ్డతో ఒకసారి తుడిచి వెలుతురుకు వాలుగా చూడండి. అడ్డగీతలు అప్పుడు బయటపడతాయి. ఆరిన తర్వాత లేచిన నూగును మళ్లీ 180తో తేలికగా తీయాలి. మేకు రంధ్రాలకు తెల్ల లప్పం పెట్టవద్దు, అది రంగు పీల్చక చుక్కలుగా నిలుస్తుంది. అదే చెక్క రంగు లప్పం వాడండి.

ఇక దుమ్ము సంగతి. "ముప్పై ఏళ్ల నుండి ఇదే పని, నాకేం కాలేదండీ" అని మేస్త్రి అంటాడు. ఇంగ్లండులో హై వికమ్ అనే కుర్చీల ఊరు ఉంది. 1960లలో అక్కడి చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఎస్తర్ హాడ్‌ఫీల్డ్ దగ్గరికి వచ్చిన రోగుల్లో అరుదైన ముక్కు క్యాన్సరు ఉండకూడనంత ఎక్కువగా కనిపించింది. ఆమె, ఆక్స్‌ఫర్డు వైద్యులు కలిసి రోగుల వృత్తి ఆరా తీస్తే, చాలామంది కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగులే. ఆ సంగతి 1968లో వైద్య పత్రికలో అచ్చయింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఈ జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది, కనుక ముప్పై ఏళ్లు ఏమీ కాలేదన్న మాట ధైర్యం ఇవ్వదు. ఒక్క తలుపు రుద్దిన ఇంటి యజమానికి ఆ భయం లేదు. రోజూ రుద్దే మనిషికి ఉంది. ఒక పక్క ముక్కే దిబ్బడ వేసి వారాల తరబడి తగ్గకపోయినా, రక్తం పడుతున్నా మేస్త్రులు డాక్టరుకు చూపించుకోవాలి, తమ పని ఏమిటో అడగకపోయినా చెప్పాలి.

టేకు దుమ్ములోని కొన్ని పదార్థాలకు చర్మం మీద దురద, దద్దుర్లు కూడా వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఏ చెక్క దుమ్మైనా మంచిది కాదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు, ఎన్-95 మాస్కు కావాలి. ఆ ఖర్చు కూలికి కాక ఇంటివారే పెట్టుకోవాలని మా అభిప్రాయం. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

థిన్నరు, టర్పెంటైను, గుడ్డలు

స్టెయిన్ పలచన చేయడానికి తెచ్చిన థిన్నరును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం మన ఇళ్లలో మామూలు. బిడ్డ చూస్తుంది, తాగుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఉప్పునీళ్లు పట్టి కక్కిస్తారు. అసలు హాని చాలాసార్లు అక్కడే జరుగుతుంది. వాంతిలో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. కక్కించకండి, పాలు, నూనె ఏమీ పట్టకండి. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా సరే, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి. సీసాను కూడా వెంట తెండి. కంట్లో పడితే చనుబాలు, ఆముదం వేయకుండా పదిహేను, ఇరవై నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి ఆ తర్వాత రండి.

పని తలుపులు, కిటికీలు తెరిచిన చోటే చేయాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండరాదు. తల తిరిగితే పని ఆపి గాలిలోకి రావాలి. చేతులకు అంటిన రంగు థిన్నరుతో కడిగితే చర్మం పగులుతుంది. కొబ్బరినూనె రాసి సబ్బుతో కడిగితే పోతుంది. వాసన పోయేదాకా ఆ గదిలో పడుకోవద్దు.

స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన వేయకండి. అవిసె నూనె కలిసిన రంగు గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో 38 అంతస్తుల భవనం 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఇలాగే అంటుకుంది. చెక్క పనివాళ్లు 22వ అంతస్తులో వదిలిపోయిన నూనె గుడ్డలతో మొదలైన ఆ మంటల్లో అగ్నిమాపక సిబ్బంది ముగ్గురు చనిపోయారు. గుడ్డలను విడివిడిగా బయట దండెం మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్లు నింపిన ఇనుప బకెట్టులో ముంచి మూత పెట్టండి.

తలుపును తిరిగి బిగించే ముందు దాని కింది అంచుకు కూడా స్టెయిన్, వార్నీషు పట్టించారో లేదో ఒకసారి వంగి చూడండి. మేస్త్రులు ఎక్కువగా వదిలేసేది అదే. అక్కడి నుండే తేమ ఎక్కి, వానాకాలంలో తలుపు గడపకు పట్టేస్తుంది.