వేసవిలో పెంపుడు జంతువులు – మన చిట్కా వాటికి చిట్కాయేనా?

వేసవి ముదిరేసరికి బందరు నుండి, గుడివాడ నుండి, దివిసీమ పల్లెల నుండి నా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది అడిగేది వడదెబ్బకు చిట్కా. కొన్నేళ్ళుగా దానికి మరొక ప్రశ్న తోడయింది. ‘‘అయ్యా, మా కుక్కకు కూడా ఇదే ఇవ్వవచ్చునా?’’ అని. ఇవ్వవచ్చునని నేనూ నమ్మినవాడినే. ఆ నమ్మకం వలన మా ఇంటి కుక్కకు ప్రాణం మీదికి వచ్చింది కనుక, పాఠకులకు ముందుగా ఆ సంగతి చెబుతాను.

మాది పన్నెండు కిలోల నాటుకుక్క. ఒక రోహిణి కార్తెలో, మధ్యాహ్నం వేళ, వాకిట రేకుల పంచలో గొలుసుతో కట్టివేసి ఉన్నది. గిన్నెలోని నీరు ఒలికిపోయిన సంగతి మేమెవరమూ గమనించలేదు. నేను చూసేసరికి నాలుక బాగా వేలాడవేసి, చిక్కని చొంగ కారుస్తూ, లేవబోయి తూలిపడింది. వెంటనే బావి గట్టుకు మోసుకొనిపోయి నీళ్ళు గుమ్మరించి, తాటాకు విసనకర్రతో విసిరితే గంటలో తేరుకొన్నది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వేడి చేసిన శరీరానికి చలువ చేయాలన్న ఆరాటంతో, మనం తినే విధంగానే పెరుగు చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ తరిగి కలిపి, రోజుకొక పెద్ద ఉల్లిపాయ చొప్పున మూడు రోజులు పెట్టాను. అది ఆబగా తిన్నది. ఐదవనాడు దాని మూత్రం కాఫీ డికాక్షను రంగులో వచ్చింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. నడవలేక గోడకు ఆనుకొని నిలబడింది. పశువైద్యుడు చిగుళ్ళు చూసి అడిగిన మొదటి ప్రశ్న ‘‘ఉల్లిపాయ ఏమైనా పెట్టారా?’’ అని.

ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు కుక్క, పిల్లి రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడతాయి. మన రక్తం వాటిని తట్టుకొంటుంది. వాటి రక్తం తట్టుకోలేదు. పచ్చిదైనా, వండినదైనా, పొడి చేసినదైనా తేడా లేదు. కుక్క బరువులో ప్రతి కిలోకు 15 నుండి 30 గ్రాముల ఉల్లి హాని చేస్తుంది. పిల్లికైతే కిలోకు 5 గ్రాములే చాలు. తిన్ననాడే లక్షణాలు కనబడవు. రెండు మూడు రోజులు గడచిన తరువాత నీరసం, పాలిపోవడం, మూత్రం రంగు మారడం మొదలవుతాయి. అప్పటికి పెట్టిన తిండి సంగతి ఎవరికీ గుర్తుండదు, నెపమంతా ఎండ మీదికే పోతుంది. మా కుక్క కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది.

మన ప్రాచీనులు ఈ విషయంలో నాకంటె జాగరూకులు. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని పేర, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేర వేర్వేరు శాస్త్రాలు వెలిశాయి. చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలోని గ్రీష్మ ఋతుచర్య మనిషిని ఉద్దేశించినది. శ్రమ తగ్గించడం, చల్లని చోట ఉండడం, ద్రవాహారం అనే అందులోని సూత్రం ఏ ప్రాణికైనా మేలే. ద్రవ్యాలు మాత్రం ఒకరివి మరొకరికి పనికిరావు. ఎండుద్రాక్ష నానవేసిన నీరు మనకు దివ్యమైన చలువ. అదే ద్రాక్ష కుక్క మూత్రపిండాలను చెడగొడుతుంది. అందులోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణమని 2021 నుండి పశువైద్యులు భావిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉన్నది కనుక వడదెబ్బకు మనం త్రాగే చింతపండు రసం కూడా కుక్కకు పోయరాదు.

అసలు కుక్కకు ఎండ ఎందుకంత కష్టమో తెలిస్తే చేయవలసినది దానంతటదే బోధపడుతుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప ఎక్కడా అంతగా పట్టదు. నోరు తెరచి రొప్పితే నాలుక మీది తడి ఆరి, ఆ ఆరడం వలన ఒంటి వేడి తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. సముద్రపు గాలి మళ్ళిన సాయంత్రం బందరులో మనకు ఉక్కపోతగా ఉన్నదంటే, కుక్క ఎంత రొప్పినా ప్రయోజనం తక్కువన్నమాట. అందుచేత ‘‘ఎండ తగ్గింది కదా’’ అని పరుగులు పెట్టించరాదు. పడమటి గాలి వీచే రోజు సంగతి చెప్పనే అక్కరలేదు. పగ్ వంటి చప్పిముక్కు జాతులకు ముప్పు మరింత ఎక్కువ. అలాంటివాటిని ఈ తీరంలో పెంచేవారు వేసవి మూడు నెలలూ చల్లని గదిలో ఉంచగలమా అని ముందే ఆలోచించుకోవాలి. షికారు తెల్లవారుజామునే ముగించాలి. తారురోడ్డు మీద మన అరచేయి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, దాని పాదాలు కూడా ఆ రోడ్డును ఓర్వలేవు.

కుక్క సహజ ఉష్ణోగ్రత 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణాపాయం. చిగుళ్ళు ఎర్రబారడం, చిక్కని చొంగ, తూలు, వాంతి కనబడితే ముందుగా చల్లార్చాలి, ఆ తరువాతనే ఆసుపత్రికి తరలించాలి. నీడకు చేర్చి, కుళాయినీరో కుండనీరో పొట్టమీద, తొడల సందున, పాదాలమీద ఆగకుండా పోస్తూ గాలి తగిలించాలి. తడిగుడ్డ కప్పి వదిలివేయరాదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ లేనప్పుడు నోట నీరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉష్ణోగ్రత 103.5కి దిగగానే నీళ్ళు పోయడం ఆపాలి. తేరుకొన్నా సరే వైద్యునికి చూపించాలి. లోపలి అవయవాల దెబ్బ మరునాడు బయటపడవచ్చును.

జ్వరం కదా అని పారాసిటమాల్ వేయరాదు. వడదెబ్బ వేడిని అది తగ్గించదు. పిల్లికైతే ఒక్క మాత్ర మరణశాసనమే. కర్పూరం, నీలగిరి తైలం ఒంటికి రాస్తే అవి నాకి లోపలికి తీసుకొంటాయి. మరి ఏమివ్వాలి? మంచినీరు, రెండు మూడు చోట్ల, ఒలికిపోని బరువైన మట్టి మూకుళ్ళలో, నీడన. అన్నం గంజి చల్లార్చి, ఉప్పు లేకుండా. మజ్జిగ ఇవ్వదలిస్తే పలుచగా, ఉప్పు, మిరప, అల్లం, ఉల్లి ఏమీ తగలకుండా కొద్దిగా, విరేచనమైతే మానివేయాలి. నూజివీడు రసాలు తిని పారవేసిన టెంకలు కుక్క మింగితే ప్రేగుకు అడ్డుపడతాయి. మామిళ్ళ కాలంలో చెత్తబుట్టకు మూత ఉండాలి.

పిల్లి దాహం వేసినా తక్కువే త్రాగుతుంది కనుక తిండిలోనే నీరు కలపాలి. అది కుక్కవలె నోరు తెరచి రొప్పుతున్నదంటే ఆలస్యం చేయరాదు. పెరటి కోళ్ళు రెక్కలు విదల్చి నిలబడితే గూటి కప్పుమీద వరిగడ్డి పరచి తడపాలి.

మన ప్రాంతంలో గేదెను ప్రస్తావించకుండా వేసవి గురించి వ్రాయడం కుదరదు. దాని చర్మం నలుపు, స్వేదగ్రంథులు ఆవు కంటె చాలా తక్కువ. నీట మునగడమే దానికి చెమట. రబీ కోతల తరువాత మరమ్మతులకు కృష్ణా కాలువలు కట్టివేస్తే, తిరిగి విడిచేవరకు దానికి ఆ సుఖం లేదు. గుడివాడ చుట్టుప్రక్కల ఎన్నో చెరువులు చేపల చెరువులయ్యాయి, గేదెను దిగనివ్వరు. నాగాయలంక, కోడూరు వైపు బోరు నీరు ఉప్పన. ఒంటిమీద పోయడానికి ఆ నీరు పనికివస్తుంది గాని, త్రాగడానికి ఊరచెరువు నీరే తెచ్చి పెట్టాలి. పగలు మూడుసార్లు ఒళ్ళంతా తడపాలి, పచ్చిమేత చల్లని వేళల్లో వేయాలి. బురదగుంటలో పొర్లి వచ్చినదైతే పాలు పితికే ముందు పొదుగు శుభ్రంగా కడిగి తుడవాలి, లేకుంటే పొదుగువాపు వస్తుంది. తల వాల్చి, మేత మాని, నోరు తెరచి రొప్పితే పశువుల సంచార వైద్యశాలకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. గన్నవరంలో 1998లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కూడా ఈ ప్రాంతానికి అందుబాటులోనే ఉన్నది. ఎవరిని పిలిచినా, వారు వచ్చేలోగా నీళ్ళు పోయడం మాత్రం ఆపరాదు.