చంపేముందు నేర్చే పాఠం

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలకు అంత బలముంటే క్యాన్సర్‌ను చూస్తూ ఎందుకు ఊరుకుంటాయని అడిగావు. జవాబు ఆ కణాల చదువులోనే ఉందమ్మా.

అవి పుట్టేది ఎముక మూలుగలో, చదువుకునేది రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్‌లో. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో ఆ గ్రంథిని తీసేసి, దాని పనేమిటో 1961లో జాక్ మిల్లర్ లోకానికి చూపించాడు. విజయనగరంలో మీ హిస్టాలజీ ల్యాబ్‌లో థైమస్ స్లైడు పెట్టినప్పుడు బొమ్మ గీసేసి లేచిపోకు. అంచున చిక్కటి ఊదారంగు కార్టెక్స్, లోపల పలచటి మెడుల్లా, అందులో పొరలు చుట్టుకున్న గులాబీరంగు హాసల్ కార్పసుల్స్ కనిపిస్తాయి. ఆ రెండు రంగులూ రెండు పరీక్షా గదులనుకో.

కార్టెక్స్‌లో ప్రతి కణమూ జన్యుముక్కలు కలుపుకుని తన గ్రాహకాన్ని తానే తయారుచేసుకుంటుంది. దాంతో, కణాల పైన ప్రోటీన్ ముక్కలను చూపించే మన ఎంహెచ్‌సి అణువులను పోల్చుకోలేకపోతే చచ్చిపోతుంది. మెడుల్లాలో పరీక్ష ఇంకోలా ఉంటుంది. అక్కడ ఎయిర్ అనే ప్రోటీన్, క్లోమంలో తయారవ్వాల్సిన ఇన్సులిన్ లాంటివాటిని కూడా కొద్దికొద్దిగా తయారుచేయించి చూపిస్తుంది. వాటిమీద గట్టిగా ఎగబడ్డ కణానికీ చావే. అలాంటివాటిలో కొన్ని మాత్రం నియంత్రక టి కణాలుగా మారి, తోటివాటిని అదుపులో పెడతాయి. 2025 వైద్య నోబెల్ వాటి మీద పరిశోధనకే వచ్చింది. కళ్లంలో తూర్పారబడితే గింజ ఎక్కువ, పొల్లు తక్కువ. ఈ థైమస్‌లో 100కి 95కు పైగా పొల్లే.

మిగిలినవి నేర్చిందల్లా మనవాళ్ల జోలికి పోకూడదని. క్యాన్సర్ కణం మనదే కదా! చాలావరకు మన గుర్తులే మోస్తుంది, పైగా టి కణం మీదున్న పీడీ-1 బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది.

అందుకే బయటినుంచి మందు సాయం కావాల్సి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో, సిడ్నీ ఫార్బర్ 1947-48లో పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం అణచగలిగాడు. ఆ మందు వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ కొడుతుంది. కార్-టి వైద్యం గుర్తు చూసి కొడుతుంది. రోగి రక్తంలోంచి టి కణాలు తీసి, హాని చేయలేని వైరస్ ద్వారా ఆ గుర్తును పట్టే కొత్త గ్రాహకం జన్యువును చేర్చి, పెంచి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి వైద్యానికి 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. అమెరికాలో కోట్లలో ఉన్న ఖర్చు ఇక్కడ లక్షల్లోకి దిగింది. పలాస జీడిపిక్కల కార్మికురాలికి ఆ లక్షలూ అందనివే.

ఇంకో సంగతి. నెక్స్‌కార్19 వెతికే సీడీ19 గుర్తు క్యాన్సర్ కణాల మీదే కాదు, ప్రతిరక్షకాలు తయారుచేసే ఆరోగ్యకరమైన బి కణాల మీదా ఉంటుంది. వాటినీ చంపేస్తుంది. అవి లేకపోయినా ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించి మనిషిని కాపాడుకోవచ్చు. వెతికే గుర్తు కాలేయం మీదో, ఊపిరితిత్తుల మీదో కూడా ఉండి, అవి పోతే ఏమిస్తాం? గడ్డలుగా పెరిగే క్యాన్సర్లలో ఈ వైద్యం వెనకబడటానికి ఇదొక పెద్ద కారణం.

రేపు విశాఖ అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి బయల్దేరే మనూరివాళ్లు, కొత్త వైద్యం వచ్చిందటగా అని నిన్నే అడుగుతారు. ఏ క్యాన్సరో ముందు కనుక్కో. ఏ కొత్త మందు గురించి చదివినా రెండు ప్రశ్నలు వేసుకో: అది ఏ గుర్తు చూసి కొడుతుంది? ఆ గుర్తు ఒంట్లో ఇంకెక్కడుంది?

ఇట్లు,
మీ తాతయ్య